ముక్కులోని గోడ, మత్తుమందు, మన హైదరాబాదు

ప్రతి సంవత్సరం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇవ్వవలసిందని సంఘం పెద్దలు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. చరిత్ర అనగానే మనవారికి గోల్కొండ కోట, చార్మినారు, నవాబుల దర్బారు గుర్తుకు వస్తాయి. మేమూ ఆ దారినే పోయి ఇదివరకు రెండు మూడు వ్యాసాలు వ్రాసినాము. ఈసారి మాత్రం మనిషి ముక్కును గురించి వ్రాయదలచినాము. నవ్వకండి. పరువు పోతే ఉర్దూలో ఏమంటాము? నాక్ కట్ గయీ అంటాము. ముక్కు అంత పెద్ద విషయమే.

మేము ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకొనేవాళ్ళము. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలు మన అల్వాల్‌లో ఎక్కువైనారు గనుక తెలుగులోనే వ్రాయమన్నారు. తప్పులుంటే పాఠకులు మన్నించగలరు.

కొన్ని సంవత్సరాల క్రితం మా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పేరు చెప్పము. ఎనిమిదవ తరగతి. వెనుక బెంచీలో నోరు తెరుచుకొని కూర్చునేవాడు. మొదటి పీరియడు సగం కాకముందే కునుకు పట్టేది. మేము చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. వాడికి 'సోతా సుల్తాన్' అని పేరు పెట్టింది మేమే. తరగతి అంతా నవ్వింది, తరువాత బడి అంతా అదే పేరుతో పిలిచింది. ఒక ఏడాదికి పైగా అట్లానే గడిచింది.

సంఘం తరఫున పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో పిల్లలను వరుసలో నిలబెట్టే పని మాకు అప్పగించినారు. చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ వీడి ముక్కులో టార్చి వేసి, "మాస్టరుగారూ, ఇటు రండి" అని పిలిచి మాకు చూపించింది. ఎడమ రంధ్రం లోపల దారి దాదాపు లేదు. మధ్యలోని గోడ అటువైపు విల్లులాగా వంగి ఉన్నది. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగితే, మూడవ తరగతిలో లోత్‌కుంట రోడ్డు మీద సైకిలుపై నుండి ముక్కు మీద పడినాడని వాళ్ళమ్మ చెప్పింది. రక్తం ఆగింది కదా అని ఊరుకున్నారు. "వీడు రాత్రుళ్ళు సరిగా నిద్రపోలేడు సార్, గాలి ఆడక లేస్తూ ఉంటాడు. పగలు నిద్ర రాక ఏం చేస్తుంది?" అన్నది డాక్టరమ్మ. మేము ఏమీ మాట్లాడలేకపోయినాము.

ఇక్కడ ఆ గోడ సంగతి కొంచెం చెప్పుకోవాలి. రెండు ముక్కు రంధ్రాల నడుమ పైనుండి కిందికి ఒక అడ్డుగోడ ఉంటుంది. ముందు భాగం మెత్తటి ఎముక, వ్రేలితో అటూ ఇటూ కదిపితే కదులుతుంది. వెనుక భాగం పలుచని గట్టి ఎముక. రెండు వైపులా తడిగా ఉండే పొర కప్పి ఉంటుంది. ఈ గోడ నిటారుగా ఉన్న మనుషులు తక్కువే, చాలామందికి ఎంతో కొంత వంకర ఉంటుంది, వాళ్ళకు తెలియను కూడా తెలియదు. వంకర ఉన్న ప్రతివాడికీ ఆపరేషను అవసరం లేదు. గాలి ఆడనప్పుడు, మాటిమాటికి రక్తం కారుతున్నప్పుడు, మందులతో, ముక్కులో కొట్టే స్ప్రేతో గుణం కనిపించనప్పుడే కత్తి మాట వస్తుంది. మనవాళ్ళు ఏం చేస్తారు? నజ్లా అంటారు, మరిగే నీళ్ళలో జిందా తిలిస్మాత్ నాలుగు చుక్కలు వేసి ఆవిరి పట్టిస్తారు. మేమూ పట్టుకున్నవాళ్ళమే, 1920 నుండి హైదరాబాదులో తయారవుతున్న మందు, దానిని తక్కువ చేసి మాట్లాడము. కానీ వంగిన గోడను ఏ ఆవిరీ నిటారు చేయలేదు కదా.

డాక్టరమ్మ వెంటనే కోయమనలేదు. ముఖం ఇంకా పెరిగే వయసు, తొందరపడితే ముక్కు పెరుగుదల చెడవచ్చు, పదహారు నిండినాక చూద్దాము, అందాక స్ప్రే వాడండి అన్నది. అబ్బాయి తండ్రి ఆటో నడుపుతాడు, సరే అన్నాడు. తల్లి సరే అన్నది. కానీ ఆ ఇంట్లో హుకుం దాదీ అమ్మది. డెబ్భై దాటిన ఆమె ఒక్క మాటలో తేల్చేసింది: "నా తమ్మునికి మత్తు ఇచ్చి పండబెట్టిన్రు. మళ్ళ లేవలే. మనుమణ్ణి ఇయ్య."

ఏ దవాఖానో, ఏ ఆపరేషనో ఆమెకు జ్ఞాపకం లేదు. అప్పటికి ఆమె పదేళ్ళ పిల్ల. తమ్ముణ్ణి తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చినది ఒక్కటే గుర్తు. అటువంటి మనిషికి ఏమని చెప్పాలి? డాక్టరు చెబితే వినలేదు, కొడుకు చెబితే వినలేదు. మాస్టర్ సాబ్ మాట వింటుందేమోనని మమ్మల్ని పంపినారు. మాకు వైద్యం రాదు, వచ్చినది చరిత్ర. కనుక మత్తుమందు చరిత్ర చదవడం మొదలుపెట్టినాము. చదువుతూ పోతే ఆ చరిత్ర మన అఫ్జల్‌గంజ్‌కే వచ్చి ఆగింది.

ముక్కుకు కత్తి పెట్టడం కొత్త పని కాదు. తెగిన ముక్కుకు చెంప చర్మం తెచ్చి అతికే పద్ధతి సుశ్రుత సంహితలో ఉన్నది. స్పెయిన్ దేశంలోని కుర్తుబా, అంటే కార్డోవా నగరం, అక్కడి అబుల్ ఖాసిం అల్ జహ్రావీ 1000వ సంవత్సరం ప్రాంతంలో తస్రీఫ్ అనే ముప్ఫై భాగాల గ్రంథం వ్రాసినాడు. ఆఖరి భాగం అంతా కోత వైద్యమే, పనిముట్ల బొమ్మలతో సహా. ముక్కులో పెరిగే కండను కొక్కెంతో లాగి కోయడం, ముక్కు ఎముక విరిగితే సరిచేయడం అందులో ఉన్నాయి. పన్నెండవ శతాబ్దంలో అది లాటిన్‌లోకి పోయి యూరపు వైద్యులకు శతాబ్దాల తరబడి పాఠ్యపుస్తకమైంది. మన దేశంలో 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సేన ఎడ్లబండి తోలే కావస్‌జీ అనేవాడు టిప్పు సుల్తాన్ సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకొంటే, పూనా దగ్గర ఒక మరాఠా పనివాడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేసి ఇచ్చినాడు. ఆ సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది, 1814లో కార్ప్యూ అనే డాక్టరు అది చూసి లండన్‌లో అదే పద్ధతి చేసినాడు.

ఇవన్నీ గొప్పలే. కానీ నొప్పి మాట ఎవరూ చెప్పరు. కావస్‌జీ నుదుటి చర్మం కోస్తున్నప్పుడు ఎవరు ఎట్లా పట్టుకున్నారో ఊహించుకోండి. నలుగురు మనుషులు కాళ్ళూ చేతులూ పట్టుకోవడమే అప్పటి మత్తుమందు. జర్రాహ్ చెయ్యి ఎంత వేగంగా ఆడితే అంత మంచి జర్రాహ్. పైన కనిపించే ముక్కు అయితే ఎట్లనో చేసినారు. లోపలి గోడ ఇరుకు సందులో, చీకట్లో, రక్తం ఊరే చోట ఉన్నది. మనిషి కదలకుండా ఉండనిదే అక్కడ పని జరగదు.

1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో మార్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఆవిరి పీల్పించి నొప్పి లేని ఆపరేషనుకు దారి చూపినాడు. మరుసటి ఏడాది ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడినాడు. అదే 1846లో మన హైదరాబాదులో మరొకటి జరిగింది. నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలయింది. రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ దానికి పెద్ద. ఉర్దూ మాస్టరుగా మేము గర్వంగా చెప్పుకొనే మాట ఏమంటే, అక్కడ ఇంగ్లీషు వైద్యాన్ని ఉర్దూలో నేర్పినారు. చదువు పూర్తయినవారికి హకీమ్ అనే పట్టా ఇచ్చేవారు. 1880లలో అది ఇంగ్లీషుకు మారింది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చి, దారుల్ తర్జుమాలో పుస్తకాలు తర్జుమా చేయించి, కొన్నేళ్ళు డాక్టరీ చదువు మళ్ళీ ఉర్దూలో సాగింది. మాతృభాషలో పెద్ద చదువులు కుదరవని ఈనాడు మాతో వాదించే పెద్దమనుషులకు ఈ రెండు సంగతులూ వినిపిస్తూ ఉంటాము. సరే, అది వేరే వ్యాసం.

క్లోరోఫారం తీయటి వాసన గల మందు, త్వరగా పని చేస్తుంది. కానీ వచ్చిన కొద్ది నెలలకే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి పోయి దాని క్రింద ప్రాణం విడిచింది. అటుపై అక్కడక్కడ అటువంటి చావులు వినబడుతూనే ఉన్నాయి. మనిషి ఎందుకు పోతున్నాడు? గుండె ఆగి పోతున్నాడా, ఊపిరి ఆగి పోతున్నాడా? డాక్టర్లు రెండు వర్గాలైనారు. గుండె అయితే మందే విషం. ఊపిరి అయితే ఇచ్చేవాడి అజాగ్రత్త.

ఈ తగవు హైదరాబాదుకు తెచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి మెడికల్ స్కూలుకు పెద్ద అయినాడు. ఎడింబరోలో సైమ్ అనే గొప్ప సర్జన్ శిష్యుడు. నాడి చూడకు, ఊపిరి చూడు, ఊపిరి సాగినంతసేపూ భయం లేదు అనేది గురువుగారి మాట, శిష్యుడికి అది వేదవాక్కు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఖర్చు పెట్టుకోగా 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమీషను కూర్చున్నది. వంద పైచిలుకు కుక్కలకు మందు ఇచ్చి చూసి, ముందు ఆగేది ఊపిరే, గుండె తరువాతనే అని తేల్చినారు.

లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. లాన్సెట్ అంటే మన నశ్తరే, కోసే కత్తి. పేరుకు తగ్గట్లు కోసింది. అప్పుడు నిజాం ప్రభుత్వం, మీరే ఒక మనిషిని పంపండి, ఖర్చులకు వెయ్యి పౌండ్లు మేము ఇస్తాము అన్నది. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరుపడ్డ డాక్టరు 1889లో ఓడ ఎక్కి వచ్చినాడు. గుండె ప్రమాదం నిజమేనన్న అభిప్రాయంతో వచ్చినవాడు. రెండవ కమీషను నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిపింది. కమీషనులో రుస్తుంజీ హకీమ్ వంటి మన ఊరి డాక్టర్లు కూడా కూర్చున్నారు. ఆఖరుకు బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, లారీ మాటే నిజమని లండన్‌కు తంతి పంపినాడు. ప్రపంచంలో ఎక్కడ క్లోరోఫారం మాట వచ్చినా హైదరాబాదు పేరు తలుచుకొనే రోజులవి.

అదే 1889లో ఆ స్కూలు నుండి రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పారశీ యువతి హకీమ్ పట్టా పుచ్చుకున్నది. తరువాత సంవత్సరాల తరబడి ఇక్కడి ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారం ఇవ్వడమే పనిగా పెట్టుకున్నది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమెయేనని చెబుతారు. 1909లో ఎడింబరోకు పోయి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదివి వచ్చింది. పరదాలో ఉండే ఆడవాళ్ళు మగ డాక్టరు ముందుకు రాని కాలంలో, మూతి మీద గుడ్డ పెట్టి "భయపడకు బిడ్డా" అనడానికి ఒక ఆడమనిషి ఉండడం ఎంత ధైర్యమో ఆలోచించండి. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరులో మూసీ వరదకు కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అక్కడే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

ఇంతవరకు చదివి మేము సంతోషంగా పుస్తకం మూసి, దాదీ అమ్మ దగ్గరకు పోవలసింది. మన ఊరే ప్రపంచానికి మత్తు నేర్పింది, భయం వద్దు అని చెప్పవలసింది. కానీ ఇంకొక పేజీ ఉన్నది. 1911లో ఇంగ్లండులో లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చేసిన పరీక్షలలో, క్లోరోఫారం ఎక్కువైనప్పుడు కాక, తక్కువగా, తేలికగా ఇచ్చినప్పుడు గుండె గతి తప్పి గిలగిలలాడి హఠాత్తుగా ఆగిపోతున్నదని తేలింది. అడ్రినలిన్ అనే మందు తోడైతే మరీ సులభంగా ఆగేది. ఆ అడ్రినలిన్ ఏమిటి? ముక్కు ఆపరేషనులో రక్తం ఊరకుండా వాడే మందే. అంటే గుండె సంగతిలో హైదరాబాదు కమీషను చెప్పినది తప్పు. జంతువులకు గాఢంగా మందు ఇచ్చి చూసినారు గనుక అసలు ప్రమాదం వాళ్ళ కంట పడలేదు. నాడి చూడనక్కరలేదు అన్న మాట నమ్మి ఎంతమంది పోయినారో అల్లాకే ఎరుక.

ఈ పేజీ దాచిపెట్టి ఆమెతో మాట్లాడడమా, చెప్పి మాట్లాడడమా అని రెండు రోజులు తర్జనభర్జన పడినాము. మా ఇంట్లోవాళ్ళు చెప్పవద్దన్నారు, ముసలామె ఇంకా భయపడుతుందని. కానీ పిల్లవాడికి ఒకసారి పేరు పెట్టి అన్యాయం చేసినవాళ్ళము, వాడి దాదీకి సగం నిజం చెప్పడానికి మనసొప్పలేదు. పోయి కూర్చుని అంతా చెప్పినాము. లారీ సంగతి, నిజాం వెయ్యి పౌండ్లు, రూపాబాయి, పిల్లుల గుండెలు, అన్నీ. ఆమె తమలపాకు నములుతూ విన్నది. విని అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది.

"మాస్టర్ సాబ్, అంత పెద్ద డాక్టర్లు నవాబు పైసలు తిని తప్పు చెప్పిన్రంటున్నవు. ఇప్పటోళ్ళు చెప్పేది ఒప్పని ఎట్ల నమ్మాలె?"

పైసలు తిని తప్పు చెప్పలేదు అమ్మా, నమ్మి తప్పు చెప్పినారు అన్నాము. ఆమెకు ఆ తేడా పెద్దగా కనపడలేదు. ఇప్పటివాళ్ళ మాట నమ్మనక్కరలేదు, వాళ్ళు గుండెనూ ఊపిరినీ రెండింటినీ యంత్రంతో చూస్తూ ఉంటారు, క్లోరోఫారం వాడడం ఎప్పుడో మానివేసినారు అన్నాము. కరోనా రోజుల్లో నీ వ్రేలికి పెట్టిన క్లిప్పు గుర్తున్నదా, జపాను దేశంలో అయోయాగీ అనేవాడు 1974లో కనిపెట్టిన పద్ధతి అది, ఆపరేషను జరిగినంతసేపూ పిల్లవాడి వ్రేలికి ఉంటుంది, రక్తంలో ప్రాణవాయువు తగ్గితే అది కూస్తుంది అని చెప్పినాము. క్లిప్పు ఆమెకు బాగా గుర్తున్నది. ఆ రోజుల్లో దాని మీది అంకె చూసి ఇంట్లో అందరూ ఏడ్చినారట, ఆమె బతికింది. చాలాసేపు ఏమీ అనలేదు. "నా తమ్ముని వ్రేలికి ఏమీ పెట్టలే" అన్నది ఆఖరుకు.

ఇక గోడ సరిచేసే పని ఎట్లా ఎదిగిందో కూడా చెప్పవలె. 1875లో లండన్‌లో ఆడమ్స్ అనే సర్జన్ వంకర గోడను పట్టుకారుతో విరిచి, నిటారు చేసి, పలకల నడుమ బిగించేవాడు. మరికొందరు వంగిన గూటిని రంపంతో కోసేవారు. పై పొర కూడా దానితోనే పోయేది. 1884లో వియన్నాలో కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చి చూపినాడు, అదే ఏడాది ముక్కు డాక్టర్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. మనిషి మేలుకొని కూర్చున్నప్పుడే ముక్కు లోపల నిదానంగా పని చేయడం అప్పటినుండి సాధ్యమైంది. 1902లో షికాగోలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ అసలు ఉపాయం చెప్పినారు. పొరను కోసి పారవేయవద్దు, రెండు వైపులా దిండు గలీబు లాగా విడదీసి, లోపల వంగిన ఎముకను మాత్రమే తీసి, పొరలను మళ్ళీ కలిపివేయండి అన్నారు. ముక్కు కూలకుండా ముందూ పైనా ఒక పట్టీ వదలాలి. వదిలినా కొందరికి ముక్కు జీను లాగా కుంగేది, కొందరికి గోడలో చిల్లు పడేది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత షికాగోలోనే కాటిల్, ఆయన వంటివారు తీయడం తగ్గించి సరిదిద్దడం పెంచినారు. వంగినదానిని వదులు చేసి, నడుమకు తెచ్చి, కావలసినంత మాత్రమే తీయడం. ఇప్పుడు జరిగేది దాదాపు అదే. బయట కోత ఉండదు, ముఖం మారదు. 1943లో స్వీడన్‌లో తయారైన లిగ్నోకైన్ వచ్చి కొకెయిన్‌ను చాలావరకు పక్కకు నెట్టింది.

పదవ తరగతి పరీక్షలు అయినాక, పదహారు నిండినాక, కుర్రవాడిని పట్నంలో ఒక సర్కారు దవాఖానకు తీసుకుపోయినారు. మా చిన్నతనంలో అల్వాల్ నుండి గాంధీ ఆసుపత్రికి పోవడమంటే సికింద్రాబాదు స్టేషను దగ్గర దిగితే చాలు. 2003లో అది ముషీరాబాదు పాత జైలు స్థలానికి పోయింది. మన అల్వాల్‌లోనే వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన సంగతి పాఠకులు ఎరుగుదురు. మేము కుర్రవాడి తండ్రి ఆటోలోనే వెంట పోయినాము. దాదీ అమ్మ కూడా వస్తానన్నది. థియేటరు తలుపు దగ్గర నర్సును ఆపి, "క్లిప్పు పెట్టినవా?" అని అడిగింది. నర్సు నవ్వి పెడతామన్నది. పెట్టినాక వచ్చి చెప్పు అన్నది ఈమె. ఆ నర్సు నిజంగానే వచ్చి చెప్పింది.

గంట పైన పట్టింది. ముక్కులో గుడ్డ కుక్కి తెచ్చినారు. రెండు రోజులు నోటితోనే పీల్చినాడు, అది వాడికి కొత్త కాదు కదా. మూడవ రోజు గుడ్డ తీసినప్పుడు మేము అక్కడే ఉన్నాము. నోరు మూసుకొని ఒకసారి లోపలికి పీల్చినాడు, మళ్ళీ పీల్చినాడు. "ఠండీ హవా ఆరీ సర్" అన్నాడు. వార్డులో అసలు ఏసీ లేదు. పైన ఫ్యాను తిరుగుతున్నది, అంతే.

మేము ఆ రోజు వాడి అసలు పేరుతో పిలిచినాము. వాడు వెంటనే పలకలేదు, ఎవరిని పిలుస్తున్నామో అనుకున్నాడు.